ఏడో గడి

ప్రపంచంలో చదువుకున్నవాళ్ళంతా రెండు తెగలు. ప్రశ్నకి జవాబు వెతికేవాళ్ళు ఒక తెగ. ఆ ప్రశ్న ఎన్ని మార్కులకో ముందు కనుక్కునేవాళ్ళు రెండో తెగ. మొదటి తెగవాళ్ళు చక్రం కనిపెట్టారు, మందులు కనిపెట్టారు, చంద్రుడి మీదికి దారి కనిపెట్టారు. రెండో తెగవాళ్ళు వాటన్నిటినీ అయిదు మార్కుల ప్రశ్నగా, అయిదు పాయింట్లలో, పాయింటుకొక గీత చొప్పున, మార్జిను దాటకుండా రాశారు. మనది ఏ తెగో వేరే చెప్పక్కర్లేదు. (చెప్పాలంటే ఎన్ని మార్కులకో ముందు చెప్పండి.)

ఈ రెండో తెగలో పుట్టిన మణిపూస మన ర్యాంకమ్మ. అసలు పేరు హాజరుపట్టీలో క్షేమంగా ఉంది. ఒకటో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిన రోజున పక్కింటావిడ వేళాకోళానికి పెట్టిన పేరు ఇది. అయిదో తరగతికల్లా కన్నతండ్రి కూడా "ర్యాంకమ్మా, కాసిని మంచినీళ్ళు" అనే స్థితికి వచ్చాడు. పదో తరగతిలో ఆమెకి ఆరువందలకి అయిదువందల తొంభై నాలుగు వచ్చాయి. మిగిలిన ఆరూ ఎక్కడ పోయాయని ఇంటిల్లిపాదీ వారం రోజులు మొహాలు వేలాడేసుకుని వెతికారు.

ఆమె ప్రతిభకి ఒక్క ఉదాహరణ చాలు. పాత బడిలో సైన్సు పుస్తకం ఎనభై మూడో పేజీలో అచ్చుతప్పు పడి, నీళ్ళు వందకి బదులు పది డిగ్రీల దగ్గరే మరిగాయి. పరీక్షలో ర్యాంకమ్మ పది అనే రాసింది. నూటికి నూరు వచ్చాయి, ఎందుకంటే దిద్దిన మాస్టారి చేతిలో ఉన్నదీ అదే పుస్తకం. ఇంట్లో టీ కాచుకునే అలవాటున్న పక్క బెంచీ అమ్మాయి వంద అని రాసి ఒక మార్కు పోగొట్టుకుంది. ఏడుస్తున్న ఆ పిల్లని మాస్టారు "పుస్తకం చదవకుండా సొంత కవిత్వం రాస్తే ఇంతేనమ్మా" అని ఓదార్చారు. సొంత కవిత్వం జోలికి పోకూడదని ర్యాంకమ్మ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇలా జీవితం మార్జిను లోపల సాఫీగా సాగుతుండగా నాన్నకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. ఆయన లిఫ్టు ఇన్‌స్పెక్టరు. లిఫ్టులో ఎంతమంది ఎక్కొచ్చో, ఎక్కితే ఏమవుతుందో రాసి కింద సంతకం పెట్టడం ఆయన వృత్తి. అమ్మ రక్తపరీక్షల లాబులో టెక్నీషియను. ఆమెకి కూడా అక్కడే ఒక ఆసుపత్రిలో పని దొరికింది. ఇక పిల్లని చేర్పించాల్సింది సిక్స్త్ ఫారంలో (అక్కడి ఇంటర్మీడియట్ అన్నమాట) అని తెలిసి, బంధువర్గంలో చిన్న కలకలం రేగింది. చిన్నతాతయ్య ఫోన్ చేశాడు.

"సిక్స్త్ ఫారమా? అది పాసయ్యే కదురా నేను పోస్టాఫీసులో చేరి, రిటైరు కూడా అయ్యాను! అరవై ఏళ్ళ కింద మేం పారేసిన క్లాసులో పిల్లని చేరుస్తావా?"

"ఇది వేరు బాబాయ్. ఇది రెండేళ్ళు."

"నేనూ రెండేళ్ళే చదివాను. మొదటిసారి తప్పాను," అన్నాడు చిన్నతాతయ్య, వంశగౌరవం కాపాడుతూ.

చేర్పుల కౌంటరు దగ్గర కళ్ళజోడుకి గొలుసు తగిలించుకున్న ఆవిడ ఉంది. నాన్న ఫైలు విప్పాడు. అందులో మార్కుల పత్రాలు, నడవడి పత్రాలు, టీకా పత్రాలు, వాటి నకళ్ళు, నకళ్ళు అసలువాటితో సరిపోలాయని చెప్పే పత్రాలు ఉన్నాయి. ఆవిడ ఫైలుని మర్యాదగా పక్కకి జరిపింది.

"మూడు సబ్జెక్టులు ఎంచుకోండి."

"మొదటి మూడూ చెప్పమంటారా?" అన్నాడు నాన్న.

"మొత్తమే మూడు."

"మరి మిగతా మూడూ?"

"లేవు."

నాన్న కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "పిల్ల బాగా చదువుతుందండీ. ఆరిచ్చినా మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

ఆవిడ గోడకి అంటించిన నియమావళి వైపు చూపించింది. పద్నాలుగో నిబంధన ప్రకారం ఏ విద్యార్థికీ తనకిష్టంలేని సబ్జెక్టు చెప్పరాదు. ఇష్టం ఉన్నదని విద్యార్థే మూడు పంక్తులకు మించకుండా రాతపూర్వకంగా తెలుపవలెను. ర్యాంకమ్మ నాన్న వైపు చూసింది. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"మీ నాన్నగారికి ఇష్టమైనవి కాదమ్మా," అంది ఆవిడ నెమ్మదిగా. "నీకు."

ర్యాంకమ్మకి చెవులు వేడెక్కాయి. మన ఇళ్ళల్లో ఇష్టాయిష్టాలు కూరల విషయంలో మాత్రమే అడుగుతారు, అదీ వండేశాక. చివరికి నాన్న చెప్పిన లెక్కలు, నాన్న చెప్పిన రసాయనశాస్త్రం రాసింది. నాన్న చెప్పిన జీవశాస్త్రంలో సీట్లు నిండిపోయాయి కనుక, ఖాళీ ఉన్న చరిత్రలో కూర్చోబెట్టారు. "చరిత్రా!" అన్నాడు నాన్న, ఏదో రోగం పేరు విన్నట్టు. మా ఇంటా వంటా లేదే అన్నట్టు అమ్మకేసి చూశాడు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. వేరే పద్ధతిలో చదివి వచ్చినవాళ్ళకి ప్రవేశం ఆరు వారాలపాటు తాత్కాలికం. ఆ ఆరు వారాలూ 'కుదురుబాటు పత్రం' అనేది తెరిచి ఉంటుంది. అందులో పదకొండు గడులు. సమయపాలన, హాజరు, ప్రయోగశాలలో జాగ్రత్త, ఇలా. పదకొండింట్లోనూ టిక్కు పడితే సిక్స్త్ ఫారం ఖాయం. ఏ ఒక్కటి ఖాళీగా మిగిలినా ఏడాది చిన్నవాళ్ళతో కలిపి సన్నాహక తరగతికి పంపుతారు. ఏడో గడి పేరు 'సొంత అభిప్రాయం'.

ఏడాది పోవడం! ఇది చదివేవాళ్ళకి ఆ మాట బరువు చెప్పనక్కర్లేదు. మన కుటుంబాల్లో సంబంధం తప్పిపోయినా, ఇంట్లో దొంగలు పడినా ఓదార్చేవాళ్ళుంటారు. పిల్లకి ఏడాది పోతే ఓదార్పు ఉండదు. ఫలానావాళ్ళ అబ్బాయి కంటే ఇప్పుడు ఎంత వెనకపడిందో లెక్క వేసి చెప్పేవాళ్ళు మాత్రం ఉంటారు. ఇంటి మెట్లెక్కేటప్పుడు అమ్మ, "అభిప్రాయమంటే ఎంతుండాలిట?" అని అడిగింది.

మొదటి రోజు చరిత్ర మేడం గదిలోకి రాగానే ర్యాంకమ్మ లేచి నిలబడింది. మిగతా పద్దెనిమిది మందీ కూర్చునే ఉన్నారు. ఒకడైతే బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమైనా కావాలా?" అంది మేడం.

"ఏం లేదు మేడం."

"బయటికి వెళ్ళాలా?"

మేడం నోట వచ్చిన మాట ఆజ్ఞతో సమానం. అది ప్రశ్న రూపంలో రావడం ఆవిడ మర్యాద. ర్యాంకమ్మ "యెస్ మేడం" అని బయటికి వెళ్ళింది. బయట పొడుగాటి వరండా, గోడవారన ఒక హీటరు, కోట్లు తగిలించే కొక్కేలు ఉన్నాయి. వెళ్ళమన్నవాళ్ళు రమ్మనాలి కదా? ఎవరూ రమ్మనలేదు. యాభై నిమిషాలు నిలబడి కొక్కేలు లెక్కపెట్టింది. అరవై రెండు. రెండో రోజూ లేచింది, రెండో రోజూ వెళ్ళింది. మూడో రోజు ఆమె లేవకముందే మేడం దయగా తలుపు తెరిచి పట్టుకుంది. కుదురుబాటు పత్రంలో 'తరచుగా బయటికి వెళ్తోంది, ఆరోగ్య విభాగం పరిశీలించవలెను' అని రాశారు. ఆరోగ్య విభాగం పరిశీలించి మంచినీళ్ళు తగ్గించమంది. అమ్మ తన లాబులో పరీక్షలన్నీ చేయించి, కిడ్నీలు లక్షణంగా ఉన్నాయని రిపోర్టు పంపింది. దాన్నీ పత్రానికి జత చేశారు.

సిక్స్త్ ఫారంలో యూనిఫారం లేదు. ఎవరికి నచ్చినవి వాళ్ళు వేసుకోవచ్చు. నచ్చడమంటే మళ్ళీ మొదటికొచ్చింది కనుక, ర్యాంకమ్మ తనకి తానే ఒక యూనిఫారం కుట్టించుకుంది. తెల్లచొక్కా, నీలం ప్యాంటు, నల్లబూట్లు. బడికి వచ్చే కొత్తవాళ్ళు ఆమెని సిబ్బంది అనుకుని దారి అడగసాగారు. మూడో వారం అగ్నిప్రమాదం రిహార్సల్ జరిగినప్పుడు ఎవరో చేతిలో పసుపు జాకెట్ పెట్టి, రెండో అంతస్తు ఖాళీ చేయించమన్నారు. నాలుగు నిమిషాల్లో ఖాళీ చేయించింది. పైనుంచి వచ్చిన ఆజ్ఞని ఇంత చక్కగా ఇంకెవరైనా అమలు చేస్తారా అనిపించేలా చేయించింది. ఆ రోజు ఆమెకి చాలా రోజుల తర్వాత కరకరా ఆకలేసింది.

ఇక టైంటేబులు. అందులో మధ్యమధ్య ఖాళీ గడులున్నాయి. అచ్చువేసేటప్పుడు సిరా అయిపోయిందనుకుని నాన్న బడి ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"అది సొంతంగా చదువుకునే సమయమండీ," అంది కౌంటరావిడ.

"అప్పుడు ఎవరు కూర్చుంటారు దగ్గర?"

"ఎవరూ కూర్చోరు."

"మరి చదువుతోందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అమ్మాయికి తెలుస్తుంది."

నాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి చూశాడు. ఎవరూ తనిఖీ చెయ్యని లిఫ్టుని ఆయన జీవితంలో మొదటిసారి ఊహించుకుంటున్నాడు.

రెండో వారంలో ఏడో గడి మొదటి దెబ్బ కొట్టింది. చరిత్ర మేడం ఒక రాజు కథ చెప్పింది. కరువు వచ్చినప్పుడు ఆయన గిడ్డంగులు తెరిపించాడట గానీ, ముందు సైనికులకి పెట్టి, మిగిలింది జనానికి పంచాడట. మేడం పుస్తకం మూసి, "రాజు చేసింది సబబేనా? నీకేమనిపిస్తోంది?" అని సరాసరి ర్యాంకమ్మని అడిగింది.

"ఎన్ని మార్కులకి మేడం?"

"మార్కులకి కాదు. ఊరికే."

ఊరికే! పదహారేళ్ళ జీవితంలో ఊరికే ఆమెనెవరూ ఏమీ అడగలేదు. ఆ రాజు ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో, ఎన్ని చెరువులు తవ్వించాడో వరసగా చెప్పేసింది. మేడం ఓపిగ్గా విని, "అది పుస్తకంలో ఉంది. నీకేమనిపిస్తోంది?" అంది మళ్ళీ. ర్యాంకమ్మ తన లోపలికి తొంగి చూసుకుంది. లోపల అన్నీ ఉన్నాయి. సూత్రాలున్నాయి, తేదీలున్నాయి, ఎనభై మూడో పేజీ అచ్చుతప్పుతో సహా ఉంది. తను మాత్రం కనిపించలేదు. ఆ క్షణంలో ఆ పిల్లకి నిజంగా భయం వేసింది. ఏడాది పోతుందన్న భయం కాదు అది. పరాయి ఇంట్లో చీకట్లో స్విచ్చి కోసం తడుముకునే మనిషి భయం.

ఇంటికొచ్చి చెప్పింది. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అత్యవసర సమావేశం జరిగింది. (ఆ అద్దె ఇంటి బల్లకి ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి పెట్టారు.)

"ఇందులో కంగారు పడాల్సిందేం లేదు," అన్నాడు నాన్న, లిఫ్టు మధ్యలో ఆగినవాళ్ళకి చెప్పే గొంతుతో. "అభిప్రాయం కూడా ఒక సబ్జెక్టే. ప్రతి సబ్జెక్టుకీ గైడు ఉంటుంది."

ఊళ్ళో నాలుగు పుస్తకాల షాపులు తిరిగాడు. అభిప్రాయాల గైడు ఎక్కడా దొరకలేదు. అడిగిన ప్రతి షాపువాడూ ఆయనకేసి అదోలా చూశాడు. దాంతో ఇంట్లోనే తయారుచెయ్యాలని తీర్మానించారు. నాన్న రచన, అమ్మ పర్యవేక్షణ, ర్యాంకమ్మ శుద్ధప్రతి. పేరు: 'ముఖ్యమైన అభిప్రాయాలు - నలభై'. రాజులపై అభిప్రాయాలు తొమ్మిది, యుద్ధాలపై ఆరు, యంత్రాలపై అయిదు, ఇతరములు ఇరవై. ప్రతి అభిప్రాయం 'నాకు అనిపించేదేమిటంటే' అన్న మాటలతో మొదలవుతుంది. ఆ మాటల కింద ఎర్రగీత ఉంటుంది.

"రాజు చేసింది తప్పంటే మేడంకి కోపమొస్తుందేమో. ఒప్పంటే ఇంకెవరికో వస్తుంది," అన్నాడు నాన్న. "ఒక కోణంలో ఒప్పు, ఇంకో కోణంలో తప్పు అని రాద్దాం. గోడ మీద పిల్లి."

"ఇరవయ్యేళ్ళుగా ఏ కూర చెయ్యాలంటే ఏదైనా సరేననే మనిషివి. నువ్వు అభిప్రాయాలు నేర్పుతున్నావు పిల్లకి," అంది అమ్మ, బట్టల మిషన్లో సబ్బుపొడి పోస్తూ.

"పోనీ నువ్వు చెప్పు, రాజు చేసింది సబబేనా?"

అమ్మ చెయ్యి గాల్లో ఆగింది. ఆమె వృత్తిలో ఎవరి గురించైనా చెప్పాలంటే ముందు అయిదు మిల్లీలీటర్లు తియ్యాలి. "రాజు శాంపిల్ లేకుండా ఏం చెబుతాం," అని మూత మూసేసింది.

నాలుగో వారానికి నలభై అభిప్రాయాలూ ర్యాంకమ్మకి కంఠతా వచ్చేశాయి. నాన్న ఏ నంబరు అడిగినా పొల్లు పోకుండా ఒప్పజెప్పేది. ఆ మాటకొస్తే ఆ వారం ఆమె ముఖంలో మళ్ళీ కళ కనిపించింది. కుడిచేత్తో తినడమంత హాయైన పని దొరికింది మరి.

ఆ రోజు క్లాసులో మేడం ఏదో కోట ముట్టడి గురించి అడిగింది. ర్యాంకమ్మ కూర్చున్నచోటే (లేవకూడదని ఈసరికి తెలిసింది) పన్నెండో నంబరు అందుకుంది. "నాకు అనిపించేదేమిటంటే, యుద్ధం వల్ల లాభాలూ నష్టాలూ రెండూ కలవు. మొదటిగా…"

గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. మేడం కళ్ళు మెరిశాయి. అంతలో ముందు వరసలో ఎర్రబూట్ల పిల్ల ఒకతి, కాలు మీద కాలేసుకుని, "ఎందుకు?" అంది.

ఎర్రబూట్ల పిల్లకి ఆమె మీద ఏ కక్షా లేదు. ఆ పిల్ల అందరినీ అడుగుతుంది, అన్నిటికీ అడుగుతుంది. కాని కంఠతా పట్టినవాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక ధర్మసూక్ష్మం ఉంది. మధ్యలో ఆగితే ఆగినచోట మళ్ళీ అందుకోలేం. మొదటికి వెళ్ళాలి. ర్యాంకమ్మ ఒక్క క్షణం ఆగి, "నాకు అనిపించేదేమిటంటే, యుద్ధం వల్ల లాభాలూ నష్టాలూ రెండూ కలవు," అని మొదటినుంచి మొదలుపెట్టింది. 'మొదటిగా' దగ్గరికి రాగానే ఎర్రబూట్ల పిల్ల, ఇంకా ఆసక్తి పెరిగి, "అదే, ఎందుకు?" అంది. ర్యాంకమ్మ మళ్ళీ మొదటికి వెళ్ళింది. అలా ఆ కోట ఏడుసార్లు ముట్టడికి గురై, గంట కొట్టేవరకూ ఎవరికీ లొంగలేదు. మేడం ఆ సాయంత్రం పత్రంలో నాలుగో గడిలో, 'సహనం' దగ్గర, టిక్కు పెట్టింది. ఏడో గడి ఖాళీగానే ఉంది.

అయిదో వారం అయింది, ఆరో వారం వచ్చింది. పది గడులు నిండాయి. హాజరు నూటికి నూరు (వరండాలో నిలబడిన రోజులు కూడా కలిపి). ప్రయోగశాలలో జాగ్రత్తకి రెండు టిక్కులు పెట్టారు, ఎవరో పొరపాటున. ఆ అదనపు టిక్కుని ఏడో గడిలోకి మార్చమని నాన్న దరఖాస్తు పెట్టాడు. అంతర్గత బదిలీలకి నిబంధనలు ఒప్పుకోవని జవాబు వచ్చింది. శుక్రవారం నాలుగింటికి తల్లిదండ్రులతో సహా సమీక్షకి రమ్మని కూడా అందులోనే రాశారు.

సమీక్ష గదిలో గుండ్రటి బల్ల ఉంది. గుండ్రటి బల్లకి పెద్దవాళ్ళ వైపు, చిన్నవాళ్ళ వైపు అని ఉండదు. అందువల్ల నాన్న ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు చుట్టూ తిరిగాడు. అవతల సిక్స్త్ ఫారం పెద్దాయన, చరిత్ర మేడం, రాసుకోవడానికి కౌంటరావిడ ఉన్నారు. పెద్దాయన నవ్వుముఖం మనిషి. పత్రాన్ని బల్ల మధ్యలో పెట్టి, "ఈ ఆరు వారాలూ ఎలా అనిపించాయమ్మా నీకు?" అన్నాడు.

నలభయ్యో నంబరు! 'మా కొత్త బడి'. ఇతరములలో చివరిది. నాన్న ముఖం వెలిగిపోయింది. ర్యాంకమ్మ వీపు నిటారుగా పెట్టుకుని మొదలెట్టింది. "నాకు అనిపించేదేమిటంటే, మా కొత్త బడి విశాలమైనది, గాలీ వెలుతురూ కలది. ఇచ్చటి ఉపాధ్యాయులు స్నేహశీలురు. ఇచ్చటి…"

ఇచ్చటి ఏమిటి? కిటికీ అవతల ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. ఇచ్చటి…

"గ్రంథాలయము," అన్నాడు నాన్న.

మెల్లగా అన్నాననే అనుకున్నాడు. గదిలో అందరికీ వినిపించింది. అప్పటిదాకా ఆయన పెదవులు కూతురి పెదవులతో పాటే కదులుతూ వచ్చాయని కూడా అందరూ అప్పుడే గమనించారు. కౌంటరావిడ కలం ఆగిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

పెద్దాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎంతో ప్రేమగా, "ఒక ఏడాది సన్నాహక తరగతిలో ఉంటే నీకు తేలిగ్గా ఉంటుందేమో. మీరేమంటారు?" అని నాన్న వైపు తిరిగాడు.

ఈ ఒక్క మాట వినకూడదనే కదా ఆరు వారాలుగా ఆయన నిద్రాహారాలు మాని నలభై అభిప్రాయాలు రాసింది? కాని అడిగినవాడు పెద్దాయన, పైగా మర్యాదగా అడిగాడు. నాన్న లేచి నిలబడ్డాడు. టై సరిచేసుకున్నాడు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు తన తండ్రి చెప్పిన మాట, తాత చెప్పిన మాట, దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"మీకు తెలియనిదేముంది సార్. మీరెలా అంటే అలాగే."

"నాకిష్టం లేదు," అంది ర్యాంకమ్మ.

ఎవరన్నారా అని ఆమే ఒకసారి చుట్టూ చూసింది.

"ఎందుకు?" అన్నాడు పెద్దాయన.

ఈసారి ఆమె మొదటికి వెళ్ళలేదు. వెళ్ళడానికి మొదలంటూ లేదు. "పదేళ్ళు నన్నెవరూ ఏమీ అడగలేదు," అంది. "ఇష్టమేంటని అడగలేదు, ఎందుకని అడగలేదు. చెప్పింది చెప్పినట్టు అప్పజెబితే బంగారు తల్లి అన్నారు. మీరేమో ఆరు వారాల్లో అడిగేసి, లేదు గనక వెనక్కి పొమ్మంటున్నారు. పదేళ్ళు నీళ్ళు పొయ్యని కుండీ ముందు నిలబడి పువ్వేదీ అన్నట్టుంది. మేడం అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. ఆ రాజు గురించి రోజూ ఆలోచిస్తున్నాను. ఆయన చేసింది తప్పు. ఆకలి సైనికులకి ఎక్కువ, జనానికి తక్కువ ఉండదు. కానీ మీ గడి నాకు నచ్చలేదు. అభిప్రాయం ఉందో లేదో టిక్కు పెట్టి చెప్పేటట్టయితే అదీ మార్కులే కదా! మా బడిలో కనీసం ఎన్ని మార్కులకో ముందు చెప్పేవాళ్ళు."

అని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"సారీ సార్, ఇంట్లో ఎప్పుడూ ఇలా మాట్లాడదు," అన్నాడు నాన్న.

"కూర్చో," అంది అమ్మ, చాలా నెమ్మదిగా. ఆయన కూర్చున్నాడు. అమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. పిల్లని తను కని పదహారేళ్ళయింది గానీ గొంతు వినడం అదే మొదలని ఆమెకి అనిపించింది. గర్వంతో ముక్కు ఎర్రబడింది.

చరిత్ర మేడం పత్రం దగ్గరికి లాక్కుని ఏడో గడిలో టిక్కు పెట్టింది. ఏడాది నిలిచింది. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి సొంత అభిప్రాయం వినలేదన్నాడు. అయితే పంతొమ్మిదో నిబంధన ప్రకారం నోటిమాట చెల్లదు కనుక, అదే అభిప్రాయాన్ని రెండువందల యాభై మాటలకి తగ్గకుండా రాసి ఇమ్మన్నాడు. ర్యాంకమ్మ ముక్కు చీదుకుని, స్కేలు తీసి మార్జిను గీసింది. సగంలో ఇంకో కాగితం అడిగి తీసుకుంది. 'నాకిష్టం లేదు' అన్న మాటల కింద, అలవాటు కొద్దీ, ఎర్రగీత కొట్టింది.

ఆ కాగితాన్ని బడి యాజమాన్యం ఎంతో గౌరవించింది. మొదట నోటీసుబోర్డులో పెట్టారు. తర్వాత కొత్తగా వచ్చేవాళ్ళకిచ్చే కరపుస్తకంలో ఆరో పేజీలో 'ఏడో గడి: నమూనా' అనే శీర్షిక కింద అచ్చువేశారు. కుండీ దగ్గర (ఇక్కడ కొంచెం ఆగవలెను) అని, ఆఖర్న (భావోద్వేగం) అని బ్రాకెట్లలో సూచనలు చేర్చారు. ఆ పుస్తకం ఇంటికొచ్చిన రోజు నాన్న ఆరో పేజీ నకళ్ళు పన్నెండు తీయించి బంధువులందరికీ పంపాడు. సిక్స్త్ ఫారం వాళ్ళ పుస్తకంలో పేరు పడడమంటే మాటలా అని చిన్నతాతయ్య మొదటిసారి ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు ర్యాంకమ్మ రెండో సంవత్సరానికి వచ్చింది. సమీక్ష గదిలో విద్యార్థుల తరఫున ఒకరు ఉండాలన్న కొత్త నిబంధన కింద, ఆమెకి గుండ్రటి బల్ల దగ్గర ఒక కుర్చీ వేశారు. ఆ శుక్రవారం నాలుగింటికి ఒక అమ్మాయి తల్లిదండ్రులతో వచ్చింది. తెల్లచొక్కా, నీలం ప్యాంటు. పెద్దాయన నవ్వుముఖంతో, సన్నాహక తరగతికి వెళ్తే ఎలా ఉంటుందమ్మా అని అడిగాడు.

ఆ అమ్మాయి వీపు నిటారుగా పెట్టుకుంది.

"నాకిష్టం లేదు," అంది. "పదేళ్ళు నన్నెవరూ ఏమీ అడగలేదు."

కుండీ దగ్గర కొంచెం ఆగింది. వెనక కుర్చీలో వాళ్ళ నాన్న పెదవులు కదులుతున్నాయి. చివరిమాట అయిపోగానే బల్ల మీద తల పెట్టుకుని, సరిగ్గా ఎంతసేపు ఏడవాలో అంతసేపు ఏడ్చింది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. చరిత్ర మేడం మాత్రం టిక్కు పెట్టబోయి ఆగి, ర్యాంకమ్మ వైపు తిరిగింది. ఎందుకో ఆవిడ ముఖంలో కాస్త ఆశ కనిపించింది.

"నీకేమనిపిస్తోంది?" అని అడిగింది.

ర్యాంకమ్మ ఏమాత్రం తడుముకోలేదు.

"మూడో వాక్యంలో ఒక మాట వదిలేసింది మేడం," అంది. "అర మార్కు తియ్యొచ్చు."